పనిలేనివాళ్ల గేటు

మా నగర రైలు సంస్థలో ఇరవై రెండేళ్లుగా టికెట్ కౌంటర్లో కూర్చుంటున్నాను. ఆ ఇరవై రెండేళ్లలో అన్యాయాలు చాలానే చూశాను, వాటికి మెల్లగా అలవాటు పడిపోయాను. న్యాయం జరగడం మాత్రం ఒక్కసారే చూశాను. అది తొమ్మిది నెలలపాటు జరిగింది. ఇప్పటికీ ఎవరైనా నా ఎదుట ఆ మాట ఎత్తితే, లేచి వెళ్లిపోవడానికి చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటాను.

మా రైలు ఊరి నడిబొడ్డున బయల్దేరి పద్నాలుగో స్టేషనైన విమానాశ్రయం దగ్గర ఆగిపోతుంది. దానికి ముందు స్టేషను తుమ్మలబావి. ఊళ్లోంచి తుమ్మలబావికి టికెట్ ముప్పై రూపాయలు. అక్కడినుంచి విమానాశ్రయం రెండే కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లూ దిగకుండా సీట్లోనే కూర్చున్నారో, అప్పట్లో టికెట్ రెండువందల పది. ఎందుకయ్యా అంత అని ఒకసారి పాత ఫైలు తీసి చూశాను. అందులో 'విమానం ఎక్కేవాడు ఇవ్వగలడు' అని పెన్సిల్‌తో రాసిన ముక్క ఒకటుంది. కింద సంతకం లేదు. అప్పటికి పన్నెండేళ్లుగా సంస్థ ఆ పెన్సిల్ ముక్క మీదే నడుస్తోంది.

విమానాశ్రయానికి వెళ్లేవాళ్లంతా విమానం ఎక్కడానికే వెళతారని ఆ పెన్సిల్ పట్టుకున్న మహానుభావుడి నమ్మకం. అక్కడ నేల తుడిచేవాళ్లు, సామాన్ల బండ్లు తోసేవాళ్లు, ఇడ్లీలు వేసేవాళ్లు పైనుంచి దిగివస్తారనుకున్నాడో ఏమో నాకు తెలియదు.

నర్సవ్వ అలా దిగివచ్చే మనిషి కాదు. నలభై అయిదేళ్లుంటాయి. విమానాశ్రయంలో నేల తుడిచే పని. పొద్దున నాలుగూ యాభైకి మొదటి రైలెక్కి, తుమ్మలబావిలో దిగి, కొంగు నడుముకు బిగించి, రోడ్డు పక్క మట్టిలో అరగంట నడిచి, ఆరు కొట్టేలోపల అక్కడి హాజరు మిషన్ మీద వేలు పెట్టేది. ఒక్క నిమిషం ఆలస్యమైతే మిషన్ ఎర్రదీపం వేస్తుంది. ఏడాదిలో మూడు ఎర్రదీపాలు పడితే పని పోతుంది. ఆమెకు అప్పటికే రెండు పడ్డాయి, ఒకటి వానకు, ఒకటి తుమ్మలబావి కుక్కలకు. మూడోది పడకుండా చూసుకోవడమే ఆమె బతుకంతా. నేను పొద్దుటి డ్యూటీలో ఉండేవాణ్ణి కాబట్టి ఆ రెండింటి కథా నాకు కిటికీలోంచే తెలిసింది.

ఇలా ఎవరి తిప్పలు వాళ్లు పడుతుండగా, ఒక పాఠకుడు పత్రికకు ఉత్తరం రాశాడు. ఛార్జీ తగ్గించండి అని రాసుంటే ఏ గొడవా లేకపోయేది, అలాంటివి రోజుకు పది వస్తాయి, వాటికి బుట్ట ఉంది. ఈ పెద్దమనిషి 'విమానాశ్రయానికి ఈ ఛార్జీ న్యాయమేనా?' అని అడిగి ఊరుకున్నాడు. న్యాయమో కాదో చెప్పే ఫైలు మా దగ్గర లేదు. పైవాళ్లు మూడు రోజులు తలలు పట్టుకుని, నాలుగో రోజున 'సమన్యాయ ఛార్జీల విభాగం' అని ఒకటి తెరిచి చేతులు దులుపుకున్నారు.

దానికి అధికారిగా అనంతశయనం గారు వచ్చారు. అంతకుముందు ఆయన స్టేషన్లలో మెట్లకు నంబర్లు వేయించే విభాగం చూసేవారు. మంచి మనిషి, లంచం ముట్టడు, అబద్ధం చెప్పడు, ఒకసారి మొదలుపెట్టిన ఆలోచనను మధ్యలో వదలడు. ఆ చివరి గుణమే మా కొంప ముంచింది. ఆయనకో గుమాస్తా కావాల్సి వచ్చి, ఆయన గదికి నా కౌంటరే దగ్గర కాబట్టి నన్ను ఇచ్చారు.

మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి సిద్ధాంతం చెప్పారు.

"ఛార్జీని దూరానికి వేయడం అనాగరికం, దామోదరం. దూరం ఎద్దులబండికి కూడా ఉంటుంది. మనిషికి ఉండేది ఉద్దేశం. మనం ఉద్దేశానికి వేద్దాం."

వినడానికి బాగానే ఉంది. నాకూ నచ్చింది, దాచడమెందుకు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాని మొదటి సూత్రం ఇది: 'ప్రయాణికుడు ఏ ఉద్దేశముతో వెళ్ళుచున్నాడో ఆ ఉద్దేశమునకు మాత్రమే ఛార్జీ విధించబడును.' విమానం ఎక్కేవాళ్లకు రెండువందల పది, సాగనంపడానికి వెళ్లేవాళ్లకు వంద, అక్కడ పనిచేసేవాళ్లకు నలభై. నా కౌంటర్ మీద 'ప్రయాణోద్దేశ ధ్రువీకరణ' అని బోర్డు వేలాడదీశారు. ఇకమీదట టికెట్ ఇచ్చే ముందు, ఎందుకు వెళుతున్నారని ప్రతివాణ్ణీ అడగాలి.

నర్సవ్వ ఆ బోర్డును కింది నుంచి పైకి చూసి, ఇదేందని అడిగింది. చెప్పాను. తుమ్మలబావి టికెట్ మీద ఇంకో పది పెడితే సీట్లో కూర్చునే విమానాశ్రయం దాకా పోవచ్చన్నాను. ఆమె కాసేపు నమ్మలేదు.

"అంటే నడిచే పనిలేదా సారు?"

"లేదు నర్సవ్వా. ఇక నడవక్కర్లేదు," అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి వారంలోనే మెట్‌పల్లి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. మల్లేశం అనే తాపీమేస్త్రి మస్కట్ వెళుతున్నాడు. అతన్ని సాగనంపడానికి పదహారు మంది వచ్చారు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, ఎక్కేవాడు ఒక్కడు, ఎక్కించేవాళ్లు ఊరంతా. పచ్చడి డబ్బాలు, సకినాల సంచులు, దుప్పటి మూట, బరువు ఎక్కువైతే అక్కడికక్కడే సర్దుకోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న తూకం కాటా, అన్నీ పదహారు మంది చేతుల్లో, నెత్తుల మీద ఉన్నాయి. మల్లేశం ఒక్కడే చేతులూపుకుంటూ వచ్చాడు.

మా నిబంధన ప్రకారం సామాన్లున్నవాడు విమానం ఎక్కేవాడు, ఖాళీ చేతులవాడు సాగనంపేవాడు. ఆ లెక్కన పదహారు మంది మస్కట్ వెళుతున్నారు, మల్లేశం వాళ్లను పంపించడానికి వచ్చాడు. టికెట్ మిషన్ అలాగే కొట్టింది. వాళ్ల పెద్దాయన కోప్పడలేదు, నాకేదో తెలియదన్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"పోయేటోనితోని బరువు మోపిస్తమా సారు? మూడేండ్లు ఆడ మోసుడే గద."

నేను అనంతశయనం గారి గదిలోకి వెళ్లాను. ఆయన సామాను నిబంధనను వెంటనే కొట్టేశారు. సామాను బాహ్యం, దుఃఖం ఆంతరంగికం, ఏడ్చేవాళ్లే సాగనంపేవాళ్లని రాసుకోమన్నారు. బయటికొచ్చి చూస్తే అందరికంటే ఎక్కువ ఏడుస్తున్నది మల్లేశమే. బావమరిది మాత్రం ప్లాట్‌ఫారం మీద ఐస్‌క్రీం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాడు. మళ్లీ లోపలికి వెళ్లాను.

ఆ మధ్యాహ్నానికి దుఃఖపట్టిక తయారైంది. తల్లికి పూర్తి రాయితీ, భార్యకు ముప్పాతిక, చెల్లెలికి సగం. మేనత్తకు పెళ్లికి ముందు ఒకటి, పెళ్లయ్యాక ఒకటి. ఎవరి పెళ్లి అని అడిగితే అది తర్వాత స్పష్టం చేస్తామన్నారు. బావమరిదికి ఏమీ లేదు. నేను పాపం అంటే, 'బావమరిది దుఃఖం స్వచ్ఛందమైనది, దానిని సంస్థ భరించజాలదు' అని అంచున రాసి సంతకం పెట్టారు. ఇంతలో విమానానికి వేళయిపోతోందని ఆ పదహారు మంది చందాలేసుకుని, మల్లేశానికి ఒక్కడికే టికెట్ కొని, మూటలన్నీ అతని మీదే వేసి పంపించారు. మిగిలినవాళ్లు మా కౌంటర్ ముందే నిలబడి చేతులూపారు.

నర్సవ్వ సంగతికొస్తాను. పనిచేసేవాళ్ల నలభై రూపాయల టికెట్‌కు ఉద్యోగోద్దేశ ధ్రువపత్రం కావాలన్నారు. ఆమె కాంట్రాక్టర్ని అడిగింది. ఆయన, నువ్వు నా మనిషివి కాదు, నా కింది కాంట్రాక్టర్ మనిషివి పొమ్మన్నాడు. కింది కాంట్రాక్టర్ ఇస్తాననే అన్నాడు పాపం, కాకపోతే ఆయన ఆఫీసు విమానాశ్రయంలో ఉంది, కాగితాలిచ్చే మనిషి పదకొండుకు వచ్చి పన్నెండుకు వెళ్లిపోతాడు. ఆ గంటలో నర్సవ్వ చేతిలో తుడుపుకర్ర ఉంటుంది, వదిలితే సూపర్‌వైజర్ ఊరుకోడు. పని లేని ఆదివారం నాడు వెళ్లి తెచ్చుకుంటానని నా కౌంటర్‌కు వచ్చింది. ఎందుకు వెళుతున్నావని అడిగాను, అడగడం నా ఉద్యోగం. కాగితం కోసమంది. పట్టికంతా వెతికాను. కాగితం కోసం వెళ్లేవాళ్లు పట్టికలో లేరు.

"పనికి పోవాలంటె కాయితం తెమ్మంటిరి. కాయితం ఆడ ఉన్నది. ఆడికి పోవాలంటె టికెట్ ఇయ్యకపోతిరి. నేనేం జెయ్యాలె సారు?"

ఆమెను 'ఇతరములు' కింద చేర్చి విచారణకు తేదీ వేశాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. ఉంటే చేసేవాణ్ణా అంటే, అప్పట్లో చేసేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను.

పోనీ పాతలాగే తుమ్మలబావిలో దిగి నడుద్దామంటే, అదీ మూసుకుపోయింది. తుమ్మలబావిలో దిగి విమానాశ్రయానికి నడిచేవాళ్లు ఉన్నారని అనంతశయనం గారికి ఎవరో చేరవేశారు. ఆయనకు నిద్ర పట్టలేదట. కాళ్లు నడిచినా ఉద్దేశం విమానాశ్రయమే కదా, రైల్లో ఉన్నంతసేపూ ఆ ఉద్దేశం కూడా రైల్లోనే ఉన్నట్టే కదా అన్నారు. తుమ్మలబావి గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్లను పెట్టారు. ఇక ఆ ఊరివాళ్లు తమ ఇంటికి తామే వెళుతున్నామని నిరూపించుకుంటే తప్ప గేటు దాటడానికి లేదు.

ఇల్లు నిజమో కాదో తేల్చడానికి, ఇంట్లో ఏం కూర అని అడిగి, ఇంటికి ఫోన్ చేసి సరిచూసేవారు. ఒక ముసలాయన టమాటా పప్పు అన్నాడు. ఫోన్లో ఆయన భార్య బీరకాయ అంది. ఆయన్ను విమానం ఎక్కేవాడి కింద జమకట్టి తేడా డబ్బులు వసూలు చేశారు. ఆయన అటునుంచి అటే ఇంటికి వెళ్లి ఆవిడతో ఏమన్నాడో తెలియదు కానీ, తుమ్మలబావిలో ఆ నెలంతా ఏ ఇంట్లో ఏం వండుతారో మగవాళ్లు పొద్దున్నే రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

నర్సవ్వకు తుమ్మలబావిలో ఇల్లు లేదు, కూరా లేదు. మొదటి రోజు ఇన్‌స్పెక్టర్ ఆమెను ఆపి, గేటు పక్కన కూర్చోబెట్టి, ఆరూ పది దాకా రాతకోతలు చేశాడు. ఆమె పరుగెత్తిందట. ఆ వయసులో, ఆ మట్టిలో, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తింది. వెళ్లేసరికి మిషన్ ఎర్రదీపం వేసింది. సూపర్‌వైజర్ ఆమె గుర్తింపు కార్డు తీసేసుకుని ఇంటికి పొమ్మన్నాడు.

మర్నాడు నాలుగున్నరకు ఆమె మళ్లీ నా కౌంటర్ ముందు నిలబడింది. జరిగిందంతా అప్పుడే చెప్పింది. గొంతు పెంచలేదు, నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నేను నోటికి అలవాటైన ప్రశ్నే వేశాను, ఎందుకు వెళుతున్నావని.

"ఎందుకు లేదు సారు. పని పాయె. ఇంట్ల కూసుంటె పానం ఊకుంటలేదు. ఊకెనె పోతున్న."

ఊరికే వెళుతోంది. పట్టిక చూశాను, లేదు. దుఃఖపట్టిక చూశాను, అందులోనూ లేదు. ఏం చేయాలో తోచక ఉత్తర్వు మొదటి పేజీ తీశాను. ఉద్దేశమునకు మాత్రమే ఛార్జీ విధించబడును అని ఉంది. నాలుగుసార్లు చదివాను. ఈమెకు ఉద్దేశం లేదు. అంటే ఛార్జీ లేదు. సున్నా రూపాయల టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టాను. మిషన్ కిక్కురుమనకుండా ఇచ్చింది.

ఆ రోజు సాయంత్రం భయపడుతూనే అనంతశయనం గారికి చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, కళ్లు చెమర్చాయి.

"సిద్ధాంతం పరిపూర్ణమైంది, దామోదరం. ఫలాపేక్ష లేకుండా ప్రయాణించేవాడే ఉత్తమ ప్రయాణికుడు. అతని దగ్గర ఛార్జీ తీసుకోవడం పాపం."

వాళ్లకు 'నిష్కామ ప్రయాణికులు' అని పేరు పెట్టారు. ఉద్దేశమే లేనప్పుడు ధ్రువీకరించడానికి ఏమీ ఉండదు కాబట్టి, వాళ్లను వరసలో నిలబెట్టకుండా పక్కన ప్రత్యేకంగా ఒక గేటు తెరిచారు. 'నాకు ఈ ప్రయాణమునందు ఏ ఉద్దేశమును లేదు' అన్న కాగితం మీద సంతకమో, వేలిముద్రో వేసి లోపలికి పోవడమే. జనం దాన్ని పనిలేనివాళ్ల గేటు అన్నారు.

నర్సవ్వ ఆ మొదటి రోజు సీట్లో కూర్చుని ఐదున్నరకల్లా విమానాశ్రయంలో దిగింది. పన్నెండేళ్లలో అదే మొదటిసారట. పనిచేసిన చోటు ఒకసారి చూసుకుని పోదామని నిలబడితే, ఆ పొద్దున ఇద్దరు రాలేదని సూపర్‌వైజర్ తల బాదుకుంటున్నాడు. ఈమెను చూసి కార్డు తీసి చేతిలో పెట్టి, వేలు పెట్టమన్నాడు. ఎర్రదీపాలు మూడూ అలాగే ఉంటాయి, ఇంకొకటి పడితే తాను కూడా ఏం చేయలేనన్నాడట.

ఆ మర్నాడు, కొత్త గేటు ఇంకా తెరవకముందే, ఆమె కౌంటర్ ముందుకొచ్చి నన్నే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆమెకు మళ్లీ పని ఉంది. పని ఉంది కాబట్టి ఉద్దేశం ఉంది. ఉద్దేశం ఉంది కాబట్టి కాగితం కావాలి. నేను ఎందుకు వెళుతున్నావని అడిగితే ఆమె నిజమే చెబుతుంది, ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి ప్రశ్న మార్చి అడిగాను.

"ఊరికేనే కదా, నర్సవ్వా?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఊకెనె సారు," అంది.

ఆ రెండు మాటలూ పక్కనున్నవాళ్లు విన్నారు. వారంలో సామాన్ల బండ్లు తోసేవాళ్లంతా ఊరికే వెళ్లడం మొదలుపెట్టారు. రెండో వారానికి ఇడ్లీలవాళ్లకు, టాక్సీవాళ్లకు, పోలీసులకు ఉద్దేశాలు పోయాయి. మూడో వారంలో సూటూబూటూ వేసుకున్న ఒకాయన పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, తనకు ఏ ఉద్దేశమూ లేదని ఇంగ్లీషులో సంతకం పెట్టాడు. పెళ్లిబృందం ఒకటి బ్యాండుతో సహా ఊరికే వెళ్లింది. అసలు కౌంటర్ ముందు పిట్ట లేదు. పనిలేనివాళ్ల గేటు ముందు మాత్రం, అందరూ పనికి వేళవుతోందని ఒకర్నొకరు తోసుకునేవాళ్లు.

లెక్కలు చూసి అనంతశయనం గారు పొంగిపోయారు. నూటికి తొంభై ఆరుగురు ఏ కోరికా లేకుండా ప్రయాణిస్తున్న నగరం ఇంకెక్కడైనా ఉందా అని నన్నడిగారు. లేదనే చెప్పాను. ఆ లెక్కలు ఎలాగో విదేశాలకు పాకి, సింగపూర్‌లో ఏదో సభవాళ్లు ఆయనకు సమన్యాయ రవాణా పురస్కారం ఇస్తామని ఉత్తరం రాశారు. స్వయంగా వచ్చి తీసుకోవాలన్నారు.

పురస్కారం ఖాయమయ్యాక ఆయనకు కొత్త బెంగ పట్టుకుంది. ఈ నిష్కామ ప్రయాణికుల్లో దొంగ నిష్కాములు ఉంటే? రేపు సింగపూర్‌లో ఎవరైనా అడిగితే? విమానాశ్రయంలో నిఘా పెట్టారు. ఏ పనీ లేదని సంతకం పెట్టి అక్కడికెళ్లి పని చేస్తున్నవాళ్లను పట్టుకోవాలి. సూటాయన విమానం మెట్ల మీద దొరికి, ఎక్కే ఆలోచనే లేదండీ, తీరా వచ్చాక ఖాళీగానే ఉన్నాను కదా అని ఎక్కుతున్నానని చెప్పి, వాళ్లు తేరుకునేలోపల ఎక్కేసి తలుపు వేయించుకున్నాడు. బండ్లవాళ్లు బండ్లు వదిలేసి పరారయ్యారు. దొరికింది నర్సవ్వ ఒక్కతే. తుడుపుకర్ర చేతిలో ఉండగా, తడి నేల మీద నిలబెట్టి ఫోటో తీశారు.

ఆమెకు నోటీసు వెళ్లింది. నిష్కామ గేటు దుర్వినియోగం, నేరం రుజువైతే ఏడాదిపాటు రైలెక్కడానికి వీల్లేదు. ఏడాది సంగతి అటుంచండి, ఒక్కరోజు రైలెక్కకపోతే నాలుగో ఎర్రదీపం పడుతుంది. నోటీసు ఆమెకు చదివి వినిపించింది నేనే. ఇదంతా నావల్లే కదా అన్నాను. ఆమె మాత్రం, మీరేం జేస్తరు సారు, మీది గుడ నౌకరే గద అంది.

అనంతశయనం గారు పది రోజులు ఊళ్లో ఉండరు. పెండింగ్ పెట్టి వెళ్లడం ఆయన ఒంటికి పడదు. అందుకని ప్రయాణమయ్యే రోజునే, పొద్దున నాలుగున్నరకు, నా కౌంటర్ దగ్గరే విచారణ పెట్టారు. అది అవగానే మొదటి రైలెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోవాలని ఆలోచన. సంస్థ కారు వద్దన్నారు. సమన్యాయ పురస్కారానికి వెళ్లేవాడు సామాన్యుడిలా రైల్లో వెళ్లాలని పత్రికాయన్ని, ఫోటోగ్రాఫర్ని కూడా పిలిపించారు.

రెండు సూట్‌కేసులతో, శాలువాతో వచ్చి, ముందు టికెట్ తీసుకుందామని కౌంటర్ ముందు నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. నేను అలవాటు ప్రకారం, ఎందుకు వెళుతున్నారండీ అన్నాను. ఆయన సంతోషించి, పురస్కార స్వీకారార్థం అన్నారు. పట్టికలో వెతికాను. విమానం ఎక్కేవాళ్ల కింద ఇచ్చేద్దామంటే ఆయనే ఒప్పుకోలేదు, విమానం ఎక్కడం తన సాధనం మాత్రమే, ఉద్దేశం సన్మానం అన్నారు. సన్మానం పట్టికలో లేదు. 'ఇతరములు' కింద విచారణకు పంపాలి. విచారించవలసింది ప్రధాన సమన్యాయాధికారి, అంటే ఆయనే. తన కేసు తాను విచారించుకోరాదని ఆయనే రాసిన పదిహేడో నిబంధన ఉంది. ఆయన లేనప్పుడు విచారించేవారిని పైవాళ్లు నియమించాలి, దానికి ఏడు రోజుల గడువు.

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడింది. ఆయన నిబంధనల పుస్తకం వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కి తిప్పారు. ఎక్కడా సందు లేదు, అంత బాగా రాశారు. నోటీసు చేత్తో పట్టుకుని గోడవార నిలబడ్డ నర్సవ్వ ఇదంతా చూసి, చూసి, ఉండబట్టలేక ముందుకొచ్చింది.

"సారు, గా గేట్లకెల్లి పోండ్రి. ఊకెనె పోతున్ననని ఏలు పెట్టుండ్రి, అయిపోతది."

అందులో ఎగతాళి లేదు. ఆయన రైలు తప్పిపోతుందని ఆమెకు నిజంగానే బాధ. రైలు తప్పిపోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

నేను రెండు కాగితాలు ఆయన ముందు పెట్టాను. ఒకటి నర్సవ్వ నోటీసు, రెండోది ఏ ఉద్దేశమూ లేదనే ప్రకటన. ఆయన మొదటి కాగితం చూశారు, రెండోది చూశారు. అబద్ధం చెప్పని మనిషని ముందే చెప్పాను కదా. రెండోదాని మీద సంతకం పెడితే, మొదటిదాంట్లో ఉన్న నేరం తనదీ అవుతుందని ఆయనకు అర్థమైంది. సూట్‌కేసు మీద కూర్చుండిపోయారు. చాలాసేపటికి, అంటే ఓ నిమిషానికి, తలెత్తి నర్సవ్వను అడిగారు.

"నువ్వు అక్కడ నేల తుడుస్తూ దొరికావు కదమ్మా. ఉద్దేశం లేదని ఎలా అంటావు?"

ఆమె నావైపు చూసింది. నేను పైకప్పు చూశాను.

"నేను ఊకెనె పోయిన సారు. ఆడికి పోయి జూస్తె నేలంత ఖరాబుగున్నది. మనసొప్పలె. తుడ్సిన."

అనంతశయనం గారు ఆ మాటను నోట్లో వేసుకుని నెమరేసినట్టు కాసేపు పెదవులు కదిపారు. తర్వాత ముఖం విచ్చుకుంది. జేబులోంచి కలం తీసి, నోటీసు వెనక గబగబా రాశారు: 'గమ్యము చేరిన పిమ్మట కలిగిన ఉద్దేశమునకు సంస్థ ఛార్జీ విధించజాలదు. ఇది ఎవరికైనను వర్తించును. కేసు కొట్టివేయడమైనది.' ఎవరికైనను అన్న మాట కింద రెండు గీతలు గీశారు. అదే కలంతో, అదే ఊపులో, తనకు ఈ ప్రయాణమునందు ఏ ఉద్దేశమును లేదని సంతకం పెట్టేశారు. పత్రికాయన అది కూడా రాసుకున్నాడు.

ఇద్దరూ ఒకే గేటులోంచి పరుగెత్తారు. ఒక సూట్‌కేసు ఆయన పట్టుకుంటే, రెండోది నర్సవ్వ నెత్తిన పెట్టుకుంది. తలుపులు మూసుకునే ముందు ఎక్కేశారు. ఆమె ఐదూ యాభైకి వేలు పెట్టిందట, పచ్చదీపం వెలిగిందట. ఆ మాట ఆమె మర్నాడు చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు.

ఆ ఉత్తర్వు తర్వాత విమానాశ్రయం టికెట్ కొన్నవాడు మళ్లీ కనపడలేదు. నెల తిరిగేసరికి సంస్థ సమన్యాయ విభాగాన్ని ఎత్తేసి, ఎందుకొచ్చిన తంటా అని చివరి స్టేషనుకు కూడా తుమ్మలబావి మీద పది రూపాయలు కలిపి, నలభై అని రాసి ఊరుకుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అది న్యాయమో కాదో ఎవరూ ఉత్తరం రాయలేదు. అనంతశయనం గారిని మళ్లీ మెట్ల విభాగానికి పంపారు. అక్కడ ఇప్పుడు దిగే మెట్లకు, ఎక్కే మెట్లకు వేరువేరు నంబర్లు వేయిస్తున్నారని విన్నాను.

పనిలేనివాళ్ల గేటుకు మాత్రం ఎవరూ తాళం వేయలేదు, దానికి తాళం వేయాలన్న ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు. నర్సవ్వ ఇప్పుడు నలభై ఇచ్చి టికెట్ తీసుకుంటుంది. అయినా కిటికీ దగ్గరకొచ్చాక ఒక క్షణం ఆగుతుంది, నేను అడుగుతానని. నేను అడుగుతాను. ఊకెనె సారు అని, నవ్వి, లోపలికి పోతుంది.

సింగపూర్ నుంచి వచ్చిన పురస్కారం మనిషెత్తు గాజుబొమ్మ. చేతిలో తక్కెడ ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి విమానాశ్రయంలో మా స్టేషన్ నుంచి పైకి వచ్చే దారిలో నిలబెట్టారు. దాని ఆలనాపాలనా ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు. రోజూ ఆరింటికి వేలు పెట్టి వచ్చాక, నర్సవ్వే దాని దుమ్ము తుడుస్తుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బులివ్వరు. ఎందుకు తుడుస్తావని ఒకసారి అడిగితే, ఊకెనె అంది.